ఎడమ లేన్ ఎవరిది?

(నగర రవాణా, స్త్రీల హక్కులు అనే అంశంపై జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశం నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'రద్దీ రోడ్ల మీద వాహనదారుల మర్యాద, లేన్ల దుర్వినియోగం'. పేరు వినగానే ఇద్దరు ముగ్గురు మిత్రులు నవ్వారు. ఒకరైతే, "వరకట్న చావుల గురించీ, గృహహింస గురించీ మాట్లాడుకోవడానికే మనకు టైము చాలడం లేదు, ట్రాఫిక్ సంగతి పోలీసులు చూసుకుంటారులే" అన్నారు. ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. మన బలగం తక్కువ, పనులు ఎక్కువ. అయినా ఈ అంశం మన సభల్లోకి ఎందుకు రావాలో చెప్పడానికే నాకిచ్చిన అరగంట వాడుకుంటాను. సారా అంటే ఎక్సైజు శాఖ సంగతి మాత్రమే కాదు, మా బతుకుల సంగతి అని 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు తేల్చి చెప్పారు. రోడ్డును కూడా నేను అలాగే చూస్తాను. ట్రాఫిక్ కానిస్టేబులుకు అది డ్యూటీ. పొద్దున్నే వంట ముగించి, పిల్లల్ని బడికి తరిమి, ఎనిమిదింటికి బస్సు పట్టుకోవాల్సిన మనిషికి ఆ రోడ్డు దాటడంతోనే సగం ఓపిక అయిపోతుంది.

అసలు 'మర్యాద' అన్న మాటతోనే నాకు పేచీ ఉంది. మర్యాద అంటే ఇచ్చేవాడి దయ. ఇస్తే ఇచ్చినట్టు, ఇవ్వకపోతే అడిగే దిక్కు లేదు. ఆడవాళ్ళకు మనదేశంలో మర్యాదలకేమీ కొదవ లేదు. అమ్మా అంటారు, తల్లీ అంటారు, ఆస్తిలో వాటా అడిగితే మాత్రం మొహం చిట్లిస్తారు. రోడ్డు మీదా అంతే. "లేడీస్ ఉన్నారు, పోనివ్వండి" అని ఎవరైనా బండి ఆపితే మనం తల వంచి, చెయ్యి ఊపి, పరుగున దాటుతాం. జీబ్రా గీతల మీద అడుగుపెట్టిన మనిషి కోసం బండి ఆపడం నడిపేవాడి చట్టపరమైన బాధ్యత. 1989 నాటి రోడ్డు నియమాల్లోనూ అది ఉంది, వాటి స్థానంలో 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నియమాల్లోనూ ఉంది. ముప్ఫై ఏళ్ళకు పైగా కాగితం మీద ఉన్న హక్కును ఇప్పటికీ మనం దయగా పుచ్చుకుంటున్నాం.

ఇవాళ నేను చెప్పబోయేది ఒకే ఒక్క రోడ్డు గురించి. మియాపూర్ నుంచి కూకట్‌పల్లి, మూసాపేట, భరత్‌నగర్, ఎర్రగడ్డ మీదుగా అమీర్‌పేట వచ్చే రోడ్డు. హైదరాబాద్ వాళ్ళకు చెప్పక్కర్లేదు, జిల్లాల నుంచి వచ్చిన మిత్రుల కోసం నాలుగు మాటలు. ఇది వట్టి సిటీ రోడ్డు కాదు, జాతీయ రహదారిలో భాగం. పాత లెక్కలో తొమ్మిదో నంబరు, కొత్త లెక్కలో 65. పూణె నుంచి బయల్దేరి మచిలీపట్నం దాకా పోయే దారి ఇది. దాని పక్కన నగరం పెరిగింది. బాలానగర్, సనత్‌నగర్ కార్ఖానాలు, కేపీహెచ్‌బీ కాలనీ, ఎర్రగడ్డ రైతుబజారు, ఈఎస్ఐ ఆసుపత్రి, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ అమ్మాయిల హాస్టళ్ళు. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోలు దాకా మెట్రో రైలు మొదలైంది. దాని స్తంభాలు రోడ్డు నడుమ నిలబడ్డాయి. రైలు పైన పోతుంది, కింద జనం తగ్గారా అంటే తగ్గలేదు.

ఈ రోడ్డు మీద లేన్లు ఎన్ని అని అడిగితే ఇంజనీరు ఒక లెక్క చెబుతాడు. వాడకంలో ఉన్న లెక్క వేరు. స్తంభాలను ఆనుకుని కుడివైపున కార్లు. మధ్యలో కార్లూ బస్సులూ లారీలూ. ఎడమ లేన్ చూడండి. అందులో ముందుగా టిఫిన్ బండ్లూ, షాపుల ముందు పెట్టిన బైకులూ. తర్వాత ఎవరినో దించడానికి 'రెండు నిమిషాలే' అని ఇండికేటరు వేసి నిలిపిన కారు. దాని ముందు ప్రయాణికుల కోసం వరసగా షేరింగ్ ఆటోలు. ఆ ఆటోలకూ ఫుట్‌పాత్‌కూ మధ్య మిగిలిన మూడడుగుల్లో ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే స్కూటర్లు. ఇన్నీ పోగా మిగిలితే అది బస్సుకు. ఏమీ మిగలదు గనక బస్సు రెండో లేన్లో ఆగుతుంది, ఒక్కోసారి మూడో లేన్లో. ఎడమ లేన్లో జరిగే ప్రతి ఆక్రమణా చివరికి బస్సెక్కే మనిషి నెత్తిన పడుతుంది. ఎక్కేది మధ్య రోడ్డులో, దిగేది మధ్య రోడ్డులో.

ఆ రోడ్డు మీద ఒక బస్టాపు దగ్గర మేం కొందరం ఒక పొద్దున నిలబడి చూశాం. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో సెల్‌ఫోను, కొంగు నడుముకు దోపి రోడ్డు మధ్యకు వచ్చి నిలబడుతున్నారు. బస్టాపు షెడ్డులో ఎవ్వరూ లేరు. షెడ్డులో కూర్చుంటే బస్సు కనపడదు, డ్రైవరుకూ వీళ్ళు కనపడరు. పోలీసులు వీళ్ళను వెనక్కి తోలుతుంటారు, 'క్రమశిక్షణ లేని జనం' అని. అందులో ఒకామె అన్న మాట రాసుకున్నాను: "బస్సు ఆగింది గదా అని ఉరికితె ఎనక నుంచి బండొస్తది. బండి పోనీ అని ఆగితె బస్సు పోతది. ఏది జేసినా తప్పు మాదే అంటరు."

ఆ 'ఎనక నుంచి బండి' సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే ప్రమాదమంతా అక్కడే ఉంది. ముందు పోయే బండిని కుడివైపు నుంచే దాటాలన్నది మన చట్టంలో సాధారణ నియమం. బస్సు ఆగి జనం దిగుతుంటే బైకులు దాని ఎడమ నుంచి, అంటే బస్సు తలుపుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య నుంచి దూసుకుపోతాయి. దిగే మనిషి కళ్ళు మెట్టు మీద ఉంటాయి. చీర కట్టుకున్నామె కుచ్చిళ్ళు చూసుకుంటుంది, పిల్లనెత్తుకున్నామె పిల్లను చూసుకుంటుంది. వెనక్కి తిరిగి చూసి దిగడం ఏ మనిషికీ సాధ్యం కాదు. ఇక రాంగ్ రూట్ బండి. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన పోతాయి కాబట్టి ఫుట్‌పాత్ మీద నుంచి రోడ్డు మీదికి దిగేటప్పుడు కుడివైపు చూడాలని చిన్నప్పుడే నేర్పుతారు. మనం కుడివైపు చూస్తూ కాలు కిందపెడతాం, బండి ఎడమ నుంచి వస్తుంది. జాగ్రత్తగా ఉన్న మనిషే, నేర్పిన పద్ధతి ప్రకారం చూసిన మనిషే దెబ్బ తింటుంది. "చూసుకుని నడవాలి కదమ్మా" అంటారు చుట్టూ చేరినవాళ్ళు.

దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో 32,825 మంది పాదచారులు. రోజుకు సుమారు 90 మంది, నడిచిపోతున్న నేరానికి. ఈ అంకెల్లో ఒక సంగతి దాచకుండా చెప్పాలి. చనిపోయినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ, చాలా ఎక్కువ. మరి ఇది స్త్రీల సమస్య ఎలా అయింది అని సూటిగా అడగవచ్చు. చావుల పట్టికలో కనపడనివి నాకు రోజూ కనపడతాయి. రోడ్డు దాటలేక దగ్గర్లో తక్కువ జీతానికే పనికి కుదిరిన ఆమె ఏ పట్టికలోనూ ఉండదు. "అంత రోడ్డు దాటి ఆ కాలేజీకి వద్దులే" అని తండ్రి సందులో ఉన్న కాలేజీలోనే చేర్పించిన అమ్మాయీ ఉండదు. మోకాళ్ళ నొప్పులతో ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్ళడమే మానేసిన ముసలామె కూడా అంతే. ఇక బండి గుద్ది మంచాన పడ్డ మగవాడికి ఆరు నెలలు అన్నం పెట్టి, మలమూత్రాలెత్తి, బయట కూలి చేసి అప్పు తీర్చేది ఎవరో మీకు చెప్పాలా? రోడ్డు ప్రమాదం జరిగిన క్షణం నుంచి అది ఆడవాళ్ళ చాకిరీగా మారుతుంది.

ఇంకో సంగతి. ఇంట్లో ఒక బండి ఉంటే అది మగవాడి బండి. ఆమె బస్సులోనో షేరింగ్ ఆటోలోనో నడిచో పోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో వచ్చింది. ఆ పథకాల మంచిచెడ్డల గురించి మనలో రెండు మూడు అభిప్రాయాలున్నాయి, ఇవాళ ఆ చర్చ తీయను. నేననేది ఒకటే. టికెట్ డబ్బులు ప్రభుత్వం కట్టింది సరే, బస్సు ఆగడానికి చోటెవరు చూపించారు? జీరో టికెట్ చేతిలో పెట్టి, ఎక్కడానికి మాత్రం మూడో లేన్లోకి రమ్మంటే అది సగం హక్కే.

దీనికి కారకులెవరు అన్నప్పుడు మనవాళ్ళ వేలు తిన్నగా ఆటోడ్రైవరు మీదికి పోతుంది. అతను బస్టాపులో ఆటో ఆపుతాడు, నిజమే. అడిగితే ఒకతను అన్నాడు: "అక్కా, ఆడ ఆపొద్దంటరు, ఈడ ఆపొద్దంటరు. మరి ఏడ ఆపాల్నో చూపెట్టుండ్రి. ఇన్ని ఆటోలున్నయి, స్టాండుకు జాగ ఏడున్నది?" ఉచిత బస్సు వచ్చాక తమ రాబడి పడిపోయిందని ఆటోడ్రైవర్లు రోడ్డెక్కిన సంగతి మీకు తెలుసు. వాళ్ళ ఇళ్ళల్లోనూ మన అక్కచెల్లెళ్ళే ఉన్నారు. బస్సు డ్రైవరును అడిగితే, "ఎడమకు తీస్తే మళ్ళీ నన్ను రోడ్డు మీదికి రానిచ్చేవాడెవడమ్మా? ఒక్కో స్టాపులో ఇరుక్కుంటే ట్రిప్పు లేటవుతుంది, సంజాయిషీ నేను చెప్పుకోవాలి" అన్నాడు. ఇద్దరిదీ అబద్ధం కాదు. అలాగని అంతా వ్యవస్థ తప్పే, మనుషులది ఏమీ లేదు అని వదిలేయడం కూడా నాకిష్టం లేదు. 'రెండు నిమిషాలే' కారుకు స్టాండు లేక కాదు అక్కడ ఆగింది. నూరు గజాలు ముందుకు పోయి సందులో ఆపుకోవచ్చు, దిగినవాళ్ళు నూరు గజాలు నడవాలి, అంతే. ఆ నూరు గజాల నడక తప్పించుకోవడానికి యాభై మందిని నడిరోడ్డులో దింపిస్తున్నాడు. ఇంత అన్యాయం చేస్తున్నట్టు అతనికి తోచను కూడా తోచదు, ఎవరూ అడగరు కాబట్టి.

రాంగ్ రూట్ సంగతి కొంత వేరు. ఈ మధ్య కాలంలో నగరంలో చాలా చోట్ల సిగ్నళ్ళు తీసేసి, డివైడర్లు మూసేసి, యూటర్న్‌లు పెట్టారు. బండ్లు ఆగకుండా పోవాలన్నది ఉద్దేశం. పోతున్నాయి కూడా. ఎదురుగా కనపడే షాపుకు పోవాలంటే చాలా దూరం పోయి తిరిగి రావాలి. పెట్రోలు ఖర్చు, టైము. పదిమందిలో ఇద్దరు ముగ్గురు అడ్డదారిలో ఎదురు వస్తారు. వాళ్ళు చేసేది ముమ్మాటికీ తప్పు. కాకపోతే ఆ రోడ్డు గీసినప్పుడు నడిచే మనిషి ఎక్కడ దాటాలో ఎవరైనా ఆలోచించారా? సిగ్నల్ ఉన్నప్పుడు ఎర్రలైటు పడితే కాస్త తెరిపి దొరికేది, ఆ తెరిపిలో దాటేవాళ్ళం. ఇప్పుడు రోజంతా పచ్చలైటే, బండ్లకు. మెట్రో స్టేషన్ మెట్లెక్కి అవతల దిగవచ్చు, దానికి టికెట్ అక్కర్లేదు, ఆ సంగతి మీ బస్తీల్లో అందరికీ చెప్పండి. మరి స్టేషన్లకు మధ్యలో ఉన్నవాళ్ళ మాటేమిటి? నడిచే మనిషి ఎక్కి దిగాలి, ఇంజనుతో నడిచే బండి మాత్రం చదునుగా పోవాలి. నిండు చూలాలు, నెత్తిన గంప ఉన్నామె, కర్ర పట్టుకున్న ముసలాయన మెట్లెక్కాలి. ఈ పద్ధతిని అభివృద్ధి అంటున్నారు.

జరిమానాలు చూస్తే ఎవరి కోసం ఎవరిని శిక్షిస్తున్నారో తెలుస్తుంది. 2022 అక్టోబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 'రోప్' పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. అడ్డంగా పార్కింగ్ చేసినవాళ్ళ మీద, ఫుట్‌పాత్ ఆక్రమణల మీద చర్యలు తీసుకున్నారు, సంతోషమే. అప్పుడు ప్రకటించిన రేట్లు గుర్తు చేస్తాను. ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డంగా నిలిపితే వెయ్యి రూపాయలు. పాదచారులకు అడ్డంగా బండి పెడితే ఆరువందలు. స్టాప్ లైన్ దాటి ముందుకొస్తే వంద. స్టాప్ లైన్ దాటితే ఏమవుతుంది? ఆ గీతకు ముందున్నది జీబ్రా క్రాసింగ్. అంటే మనం దాటే చోటు మొత్తం మింగేసినవాడు వంద కట్టి పోవచ్చు, వెనక వచ్చే కారును ఎడమకు తిరగకుండా ఆపినవాడు దానికి పదింతలు కట్టాలి. ఆ రేట్లు వేసినవాళ్ళకు ఆడవాళ్ళ మీద పగేమీ లేదు. వాళ్ళ కళ్ళకు 'ట్రాఫిక్' అంటే బండ్లు, మనం ట్రాఫిక్‌కు అడ్డం. పితృస్వామ్యం ఎప్పుడూ తిట్టి కొట్టే రూపంలోనే ఉండదు, ఇలా రేట్ల పట్టికలో కూడా ఉంటుంది.

అదే సంవత్సరం నవంబరు చివర్లో రాంగ్ రూట్‌కు జరిమానా పెంచి 1,700 రూపాయలు చేశారు. అది మంచి పనే అని నా అభిప్రాయం. ఇక కేంద్ర చట్టం సంగతి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను ప్రకారం ఎదురు దిశలో నడపడం, నియమానికి విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం 'ప్రమాదకరమైన డ్రైవింగ్' కిందికి వస్తాయి. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండి ఆపి వదిలేయడం 122వ సెక్షను కింద తప్పు. ఫుట్‌పాత్ మీద బండి నడపకూడదని 1989 నుంచీ ఉంది. రోడ్డు రూపకల్పనలోనో నిర్మాణంలోనో ప్రమాణాలు పాటించక ప్రాణాలు పోతే కాంట్రాక్టరునూ సంబంధిత అధికారులనూ బాధ్యుల్ని చేసే 198ఎ సెక్షను కూడా 2019లోనే వచ్చింది, లక్ష రూపాయల దాకా జరిమానా. ఫుట్‌పాత్ మీద అడ్డం లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతుంది. మీ ఊళ్ళో టేపు పట్టుకుని కొలిచి చూడండి. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు, కొబ్బరిబోండాల కుప్ప పోగా ఎంత మిగులుతుందో.

బస్సుకు ప్రత్యేకంగా ఒక లేన్ ఇస్తే అన్న ప్రశ్న వస్తుంది. ఢిల్లీ అనుభవం చెప్పాలి. అక్కడ 2008లో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా దాదాపు ఆరు కిలోమీటర్లు బస్సులకు విడిగా దారి ఇచ్చారు. ఆ రోజు నుంచే కార్లవాళ్ళు గగ్గోలు. మా దారి ఇరుకైపోయింది, మా టైము పోతోంది అని. హైకోర్టు దాకా పోయారు. 2012 అక్టోబరులో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. బస్సెక్కేవాళ్ళు గెలిచారు. కానీ 2016లో ప్రభుత్వమే ఆ దారిని తవ్వేసింది. దాని నిర్మాణంలో లోపాలున్నాయి, కాదనను. రోడ్డు మధ్యలో స్టాపులు పెట్టి, అక్కడికి చేరడానికి మళ్ళీ ట్రాఫిక్ దాటమన్నారు. కానీ లోపాలు దిద్దవచ్చు కదా. కోర్టులో గెలిచిన బస్సు ప్రయాణికులు తర్వాత ఎక్కడా కనపడలేదు. పత్రికలకు ఉత్తరాలు రాసిందీ, టీవీల్లో కూర్చున్నదీ కార్లవాళ్ళే. బస్సులో పోయేవాళ్ళకు సంఘం లేదు. మళ్ళీ 2022 ఏప్రిల్‌లో అదే ఢిల్లీలో కొన్ని రోడ్ల మీద ఎడమ లేన్‌ను బస్సులకూ సరుకు బండ్లకూ కేటాయించి, లేన్ తప్పిన బస్సు డ్రైవరుకు పదివేల దాకా జరిమానా అన్నారు.

'రోడ్డు తక్కువ, బండ్లు ఎక్కువ, ఏం చేస్తాం' అనే వాదనకు జవాబుగా ఒక చిన్న లెక్క. ఒక సిటీ బస్సు రెండు మూడు కార్ల చోటు తీసుకుంటుంది. పొద్దున్న ఆ బస్సులో యాభై అరవై మంది, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. ఆ కార్లలో కలిపి నలుగురో ఐదుగురో. బండ్లను కాదు, మనుషుల్ని కదిలించాలి అని 2006 జాతీయ పట్టణ రవాణా విధానంలోనే రాసుకున్నారు. రోడ్డు మీద మనిషికింత అని చోటు పంచితే, బస్సు ప్రయాణికులు ఎంతో మిగిల్చి ఇస్తున్నారు, కార్లవాళ్ళు దాన్ని తింటున్నారు.

బండి నడిపే ఆడవాళ్ళ గురించి కూడా ఒక మాట. స్కూటీల మీద ఇవాళ వేల మంది అమ్మాయిలున్నారు, చూస్తే నాకు సంబరంగా ఉంటుంది. ఆమె తన లేన్లో తాను పోతుంటే వెనక నుంచి ఆగకుండా హారన్, పక్కకొచ్చి చూసి నవ్వడం, 'ఆడవాళ్ళు నడిపితే ఇంతే' అనే మాట. స్టాప్ లైన్ దగ్గర ఆగిందని వెనకవాడు తిడతాడు. నియమం పాటించినందుకు తిట్లు తినే దేశమిది. ఆ ఒత్తిడికి లొంగి మనవాళ్ళు కూడా కొందరు రాంగ్ రూట్ పడుతున్నారు, ఫుట్‌పాత్ ఎక్కిస్తున్నారు. ఆడది నడిపే స్కూటీ అయినా ఫుట్‌పాత్ మీద నడిచే ముసలమ్మకు అది స్కూటీయే. మన హక్కుల భాషను ఆ తప్పుకు అడ్డం పెట్టడానికి నేను ఒప్పుకోను. ఇంకొకటి, చీరలూ చున్నీలూ చక్రంలో పడకుండా మోటారుసైకిలు వెనక చక్రానికి సగం దాకా రక్షణ కవచం ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ఉంది. కొత్త బండి కొన్నాక అందం చెడుతుందని అది పీకించేస్తున్నారు. వెనక కూర్చునేది ఎవరో మర్చిపోయి.

ఈ విషయాలన్నీ రాసుకుని మేం ఒక కార్యాలయానికి వెళ్ళాం. అధికారి మర్యాదగానే కూర్చోబెట్టారు, టీ ఇప్పించారు. విన్నాక, "మీరు చెప్పేది కరెక్టే మేడమ్, కానీ ముందు పబ్లిక్‌లో అవేర్‌నెస్ రావాలి. మీలాంటి సంస్థలు స్కూళ్ళలో పిల్లలకు చెప్పాలి" అన్నారు. పిల్లలకు చెబుతాం. కానీ బస్టాపులో కారు పెట్టింది పిల్లలు కాదు. మళ్ళీ వెళ్ళాం. ఆ స్థలం తమ పరిధిలోది కాదని, వేరే శాఖదని చెప్పారు. ఆ వేరే శాఖ ఇంకో శాఖ పేరు చెప్పింది. రోడ్డు ఒకరిది, దాని మీద పోలీసు ఒకరు, ఫుట్‌పాత్ ఒకరిది, బస్సు ఒకరిది, షెడ్డు ప్రకటనల కాంట్రాక్టరుది. నడిచే మనిషి మాత్రం ఎవరి పరిధిలోనూ లేదు.

ఇప్పుడు మన చేతికి కొంచెం బలమైన ఆధారాలు వచ్చాయి. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో, అంటే జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. ఎస్. రాజశేఖరన్ అనే ఆర్థోపెడిక్ సర్జన్ రోడ్డు భద్రత మీద వేసిన కేసులో వచ్చిన ఆదేశమది. అదే కేసులో 2025 అక్టోబరు 7న ఇంకొన్ని ఆదేశాలిచ్చింది. పాదచారుల భద్రత, తప్పు లేన్లో నడపడం, కళ్ళు చెదరగొట్టే హెడ్‌లైట్లు, అన్నీ అందులో ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 138(1ఎ) కింద పాదచారుల కోసం రాష్ట్రాలు నియమాలు చేసుకోవచ్చని 2019లోనే ఉంది. ఆ నియమాలను ఆరు నెలల్లో చేయాలని కోర్టు గడువు పెట్టింది. కాబట్టి రెండు రాష్ట్రాల్లోని మన మిత్రులూ ముందుగా చేయాల్సింది సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి ఒక దరఖాస్తు పెట్టడం. ఆ నియమాల కాపీ ఇవ్వండి, చేయకపోతే ఫైలు ఎక్కడుందో చెప్పండి, మా రోడ్డు మీద ఫలానా బస్టాపు ఏ శాఖ పరిధిలో ఉందో రాతపూర్వకంగా చెప్పండి. మూడో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. నోటితో చెప్పిన 'మాది కాదు'కు విలువ లేదు, సంతకం పెట్టి చెప్పమనండి.

రెండోది బస్టాపుల పరిశీలన. పెద్ద సర్వేలు వద్దు, దానికి నిధులూ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, గడియారం, కొలత టేపు చాలు. ఒక్కో సంఘం ఒక్కో స్టాపు తీసుకుని, వారం రోజులు పొద్దున ఎనిమిది నుంచి పది దాకా ఇద్దరు నిలబడండి. ప్రతి బస్సూ ఏ లేన్లో ఆగిందో రాయండి. అప్పుడు ఎడమ లేన్లో ఏముందో రాయండి, కారా, ఆటోనా, షాపువాళ్ళ సామానా. బస్సు తలుపు నుంచి ఫుట్‌పాత్‌కు ఎన్ని అడుగులో అంచనా వేయండి. రాంగ్ రూట్ బండ్లను గీతలు పెట్టి లెక్కించండి. బండి నంబర్లు రాయొద్దు, ఫోటోలు తీసి గొడవ పెట్టుకోవద్దు, మనకు కావలసింది చలాన్లు కాదు, ఆ స్టాపు ముందు చోటు. నిలబడే ముందు ఆటోడ్రైవర్ల యూనియన్‌తోనూ, బస్సు కార్మికుల సంఘంతోనూ మాట్లాడండి. వాళ్ళు వేరే వైపున నిలబడితే ఈ పని సాగదు. ఆటోలకు స్టాండు కావాలన్నది మన అర్జీలో కూడా రెండో వాక్యంగా ఉండాలి.

మూసాపేట, ఎర్రగడ్డ స్టాపులకు పేర్లిచ్చినవాళ్ళున్నారు. కూకట్‌పల్లికీ భరత్‌నగర్‌కూ ఇంకా మనుషులు కావాలి. భోజనాలకు లేచేముందు బయట టేబుల్ దగ్గర పేరు, ఏ రోజు రాగలరో రాసి వెళ్ళండి. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను.